గంజాము సీమలో వాదము, నమ్మకము

లౌకికునకును పరీక్షకునకును ఏ విషయమునందు బుద్ధి సమముగా నిలుచునో అదియే దృష్టాంతమని న్యాయసూత్రములలో గౌతముఁడు లక్షణము చెప్పెను. వాది యెంతటి పండితుఁడైనను, ఎదుటివాఁ డిదివఱకే అంగీకరించిన చోటినుండి నడక మొదలిడక తప్పదన్నమాట. ఈ నియమము తర్కగ్రంథములలోకంటె గంజాము సీమ చరిత్రలో నాకు స్పష్టముగా కానవచ్చును.

బరంపురమునకు అనతిదూరమున, ఋషికుల్యా తీరమందలి జౌగడ శిలపై క్రీ.పూ. 3వ శతాబ్దమున అశోకుఁడు చెక్కించిన ధర్మలిపులలో 11, 12, 13 సంఖ్యలవి లేవు. కళింగయుద్ధమున లక్షమంది హతులైరని, లక్షయేఁబదివేలమంది చెరఁగొనిపోఁబడిరని పరితపించిన శాసనము ఆ పదుమూఁడవదియే. దూరదేశములవారికి వినిపించిన పశ్చాత్తాపమును కళింగులకే వినిపింపక, దానికి బదులుగా వారికి ప్రత్యేక శాసనములను పంపెను. మనుష్యులందఱును తన బిడ్డలని, అకారణబంధనము కూడదని ఆ చోటి సమాప నగరమందలి మహామాత్రులకు బోధించి, ఆ మాటలను తిష్యనక్షత్రమునాఁడు చదువవలెనని, వినువాఁ డొక్కఁడే యైనను వినిపింపవచ్చునని ఆజ్ఞాపించెను. దెబ్బతిన్నవానికి దెబ్బల లెక్క చెప్పి నమ్మకము గొనలేమని ఆ చక్రవర్తి యెఱుఁగునని నా యూహ.

తరువాతి శతాబ్దములను దాఁటి పర్లాకిమిడికి వత్తము. అచటి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుఁడైన గిడుగు వేంకటరామమూర్తి పంతులు, పుస్తకముల తెలుఁగు నోటి తెలుఁగు వేఱేల యని పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు దొర వేసిన ప్రశ్నకు సమాధానము వెదకుచు వ్యావహారికోద్యమమునకు నాయకుఁ డయ్యెను. బాలురకు సులభమన్న హేతువు పండితులకు చాలదు. అందుచే ఆయన పండితుల గ్రంథములనే విప్పి, వ్యాకరణమును నెత్తిన మోయువారే వ్యాకరణమును తప్పిన ప్రయోగములను పుటలవారీగా చూపెను, ప్రాచీనుల వచనములలోని వాడుక మాటలను ఏఱి కూర్చెను. 1913లో గ్రాంథిక సమర్థనము ప్రకటించిన జయంతి రామయ్య పంతులుగారి పాండిత్యము తక్కువది కాదు. కాని ఆయన నియమమును చూపఁగా, గిడుగువారు నియమకర్తల చేవ్రాలునే చూపిరి. (గ్రాంథికముననే యిది వ్రాయుచున్న నన్ను చూచి వారు నవ్వుదురు గాక!) 1924లో కాకినాడయందు ఆంధ్రసాహిత్య పరిషత్తు వ్యావహారికముపై నిషేధమును ఎత్తివేసెను, మఱుసటియేఁడు తణుకు సభలో పంతులుగారు నాలుగు గంటలసేపు ప్రయోగముల నెత్తి చూపుచు ప్రసంగించిరి.

అట్టి పద్ధతి సరిహద్దు వివాదమున పనిచేయలేదు. ఒడిస్సా సరిహద్దుల విచారణకై 1931లో ఏర్పడిన ఓడనెల్ సంఘము ముందు ఆంధ్రులును ఒడియాలును ఒక్క సీమనే తమ తమదిగా చెప్పుకొనిరి. జనాభా లెక్కలలోని మాతృభాషల సంఖ్యలను ఎవరికి వారు తమ కనుకూలముగా చదివిరి. ఉభయులకును సమ్మతమైన దృష్టాంత మొక్కటియు దొరకనందున తీర్పు గలిగినదే గాని సమ్మతి గలుగలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్ర మేర్పడఁగా బరంపురము, సోనేపూర్ తీరము ఆవలికి పోయినవి, ఇచ్ఛాపురము ఈవల మిగిలినది. పర్లాకిమిడియు ఒడిస్సాలో చేరుటను నిరసించి, డెబ్బదియేండ్లు దాఁటిన గిడుగువారు తమ జీవితమున పెద్దభాగము గడపిన ఆ యూరిని విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి.