మోటారు ప్రమాద పరిహారం: దరఖాస్తు గడువు

రోడ్డు ప్రమాదంలో గాయపడినవారు, మృతుల వారసులు పరిహారం కోసం మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించడానికి చట్టం విధించిన కాలపరిమితి. భారతదేశంలో దీన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 166(3) సెక్షన్ నిర్ణయిస్తుంది. తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో ఈ దరఖాస్తులకు ఎం.వి.ఓ.పి. (మోటార్ వెహికిల్ ఒరిజినల్ పిటిషన్) నంబరు వేస్తారు. రైలు ప్రమాదాల క్లెయిములకు గడువు వేరు, సాధారణంగా ఏడాది.

1939 నాటి పాత చట్టం కింద మొదట అరవై రోజులు ఉన్న గడువు 1969 సవరణతో ఆరు నెలలైంది. తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ జాప్యాన్ని మన్నించేది. 1989 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఆ మన్నింపును పన్నెండు నెలల దగ్గర ఆపేసింది. 1994 నవంబరు 14 నుంచి గడువే లేకుండా పోయింది. అప్పటికే పెండింగులో ఉన్న కేసులకూ ఈ సడలింపు వర్తిస్తుందని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో పేచీ వచ్చింది నాలుగు రోజుల ఆలస్యం మీద.

2019 సవరణ ఆరు నెలల గడువును తిరిగి తెచ్చింది, ఈసారి మన్నింపు ఊసు లేకుండా. అమలు తేదీ ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది. సవరణలో చాలా భాగం 2019 సెప్టెంబరు 1న అమలైంది కాబట్టి కొందరు ఆ తేదీనే రాస్తారు. ఈ సెక్షన్ వరకు నోటిఫికేషన్‌లో ఉన్న 2022 ఏప్రిల్ 1నే ప్రామాణికంగా తీసుకోవాలి. అంతకుముందు జరిగిన ప్రమాదాలకు గడువు వర్తించదన్న అభిప్రాయమే బలంగా ఉంది. లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద జాప్యాన్ని మన్నించవచ్చా అన్నదానిపై మాత్రం ఏకాభిప్రాయం లేదు.

గడువును ప్రమాదం జరిగిన రోజు నుంచి లెక్కిస్తారు, గాయం మానిన రోజు నుంచి కాదు. బాధితుడికి అన్యాయం జరిగేది ఇక్కడే. తొడ ఎముక విరిగి రాడ్డు వేయించుకున్న కూలీకి ఎముక అతుక్కోవడానికే నెలలు పడుతుంది. వైకల్యం ఎంత శాతమో డాక్టరు చెప్పగలిగేది ఆ తర్వాతే. కోల్పోయిన సంపాదనను లెక్కగట్టేది ఆ శాతాన్ని బట్టే. అందుకే ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్‌తో ముందు పిటిషన్ వేసి, వైకల్య ధ్రువపత్రాన్ని విచారణ సమయంలో దాఖలు చేయడం మేలు.

159వ సెక్షన్ ప్రకారం పోలీసులు మూడు నెలల్లో ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. 166(4) కింద దాన్నే దరఖాస్తుగా స్వీకరించాలి. దీన్ని కచ్చితంగా అమలు చేయాలని 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఆదేశించింది. స్టేషన్ నుంచి ఆ నివేదిక వేళకు కదిలితే ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడికి గడువు భయం చాలావరకు తీరుతుంది.

166(3) చెల్లుబాటుపై వేసిన సవాలు సుప్రీంకోర్టు ముందుంది. అది తేలేవరకు గడువు దాటిందన్న కారణంతో క్లెయిములను కొట్టివేయవద్దని 2025 నవంబరులో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.