ఆరు నెలలు, అరవై ఏళ్ళు

నెల్లూరు మున్సిపాలిటీ తవ్విన కాలవ వల్ల ఒకరి గోడ కూలిందనుకుందాం. 1920లో అయితే ఇంటాయన ముందు ప్లీడరును పట్టుకుని నోటీసు రాయించాలి. పేరు, ఊరు, జరిగిన నష్టం, కోరే పరిహారం అన్నీ అందులో ఉండాలి. దాన్ని ఆఫీసులో అందజేసి రెండు నెలలు ఆగాలి. దావా మాత్రం నష్టం జరిగిన ఆరు నెలల్లోపే పడాలి. దాటిందా, కాలదోషం పట్టినట్టే.

ఆ ఏడాది వచ్చిన మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం పెట్టిన గడువది. మైపాడు, కృష్ణపట్నం వైపు తీరపు పల్లెలకు వర్తించిన లోకల్ బోర్డుల చట్టంలోనూ అదే లెక్క. భూమి హక్కు దావాలను ఆ గడువు నుంచి మినహాయించారు. నష్టం ఆగకుండా సాగుతుంటే, అది ఆగాక ఆరు నెలలు. ఈ వెసులుబాట్లు తెలిసి వాడుకోవాలంటే చదువన్నా ఉండాలి, పట్నంలో వకీలన్నా తెలిసుండాలి. తీరపు పల్లెకారులకు ఆ రెండూ దూరమే.

మరి బోర్డు రోడ్డును ఎవరైనా ఆక్రమిస్తే? తిరిగి రాబట్టుకోవడానికి బోర్డుకు 30 ఏళ్ళ వ్యవధి. సర్కారు వేసే దావాలకైతే, 1908 కాలపరిమితి చట్టం ప్రకారం, 60 ఏళ్ళు. 1963 చట్టం దాన్ని 30కి తగ్గించింది. రోడ్ల 30 ఏళ్ళు మాత్రం కదల్లేదు. ఇది న్యాయమని ఎలా అనగలం?

రాజ్యాంగం వచ్చాక హైకోర్టుకు రిట్ దారి తెరుచుకుంది. దానికి రాతపూర్వక గడువు లేదు. అయినా ఆలస్యాన్ని తూచడానికి సివిల్ దావా గడువే మామూలుగా కొలబద్ద కావచ్చని 1964లో భయ్‌లాల్ భాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

1990లలో నెల్లూరు తీరమంతా రొయ్యల గుంతలు పరుచుకున్నాయి. తాగే నీళ్ళు ఉప్పుబారాయి. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ 1994లో రిట్ దారిలోనే, తిన్నగా సుప్రీంకోర్టుకే వెళ్ళారు. 1996 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది: తీర నియంత్రణ మండలంలోని గుంతలను 1997 మార్చి 31లోగా తీసేయాలి, నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇవ్వాలి.

2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. తీర నియంత్రణ నోటిఫికేషన్‌లోని నిషేధాలు తీరపు ఆక్వా సాగుకు వర్తించవని, అది కూడా ఆ నోటిఫికేషన్ వచ్చిన 1991 ఫిబ్రవరి 19 నుంచే వర్తించనట్టు లెక్క అని అందులో రాసుకుంది.