బరువు వేరు, బలం వేరు: కండ నిలిపే మందుల చరిత్ర



మన పాతవాళ్లు టీబీని క్షయ అనేవాళ్లు. క్షయ అంటే తరిగిపోవడం. మన పక్కింటి తమిళులు దాన్నే ఎలుంబురుక్కి అన్నారు, అంటే ఎముకను కరిగించేది. రెండు భాషలవాళ్లూ పేరు పెట్టింది దగ్గును చూసి కాదు, మనిషి చిక్కి శల్యమవడం చూసి. క్యాన్సర్, ఎయిడ్స్, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ముదిరినా ఇలాగే కండ కరిగిపోతుంది. డాక్టర్లు దీన్ని కాకెక్సియా అంటారు.

మంచి తిండి పెడితే సరిపోతుందని అందరూ అనుకునేవాళ్లు. మన మద్రాసులోనే దీనికి ఒక జవాబు దొరికింది. 1956లో చేత్‌పట్‌లో మొదలైన టీబీ పరిశోధన కేంద్రం 193 మంది రోగులను రెండు భాగాలు చేసింది. కొందరికి శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, మందులు. మిగతావాళ్లకు ఇంటి దగ్గరే, పేదింటి తిండితో, అవే మందులు. శానటోరియంవాళ్లే ఎక్కువ బరువు పెరిగారు. కానీ రోగం నయం కావడంలో ఇంటివాళ్లు ఏమీ వెనకపడలేదు. ఈ ఫలితం 1959లో అచ్చయి, లోకమంతా టీబీ వైద్యాన్ని మార్చింది.

టీబీకి మందు ఉంది. మూలరోగం లొంగనప్పుడు ఏం చేయాలి? న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ సెరామీ, బ్రూస్ బ్యూట్లర్ రోగంలో శరీరాన్ని కరిగించే ప్రోటీన్‌ను పట్టుకుని కాకెక్టిన్ అని పేరు పెట్టారు. అంతకుముందే తెలిసిన టీఎన్ఎఫ్, ఇదీ ఒకటేనని 1985లో తేలింది. రోగంతో పోరాడటానికి మన ఒళ్లే దాన్ని విడుదల చేస్తుంది. దాన్ని అడ్డుకునే మందులు కీళ్లవాతానికి బాగా పనిచేశాయి గాని, క్యాన్సర్ రోగుల కండను నిలపలేకపోయాయి.

1993లో అమెరికా ఎయిడ్స్ రోగులకు మెజెస్ట్రాల్ అనే ఆకలి మందుకు అనుమతి ఇచ్చింది. ఆకలి పుట్టింది, బరువూ పెరిగింది. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం కొవ్వే. పైగా రక్తం గడ్డకట్టే ప్రమాదం.

తర్వాత జరిగిందే అన్నిటికంటే పెద్ద పాఠం. గ్రోత్ హార్మోన్ కండ పెంచుతుంది కదా, ఐసీయూలో చాలా రోజులు పడి ఉన్నవాళ్లకు ఇస్తే తొందరగా లేస్తారని డాక్టర్లు నమ్మారు. యూరప్‌లో రెండు పరీక్షల్లో 532 మందిని చేర్చారు. 1999లో ఫలితం వచ్చింది. ఫిన్లాండ్‌లో హార్మోన్ తీసుకున్నవాళ్లలో నూటికి 39 మంది చనిపోయారు, తీసుకోనివాళ్లలో 20 మంది. మిగతా దేశాల్లో 44కి 18. పరీక్ష పెట్టి చూడకుండా వాడుకలోకి తెచ్చి ఉంటే ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయేవో!

అదే 1999లో జపాన్‌వాళ్లు పొట్టలో పుట్టే ఆకలి హార్మోన్ గ్రెలిన్‌ను కనుక్కున్నారు. దాని దారిలో వచ్చిన అనమొరెలిన్ మాత్రతో కండ పెరిగింది, చేతి పట్టు మాత్రం పెరగలేదు. యూరప్ 2017లో వద్దంది, జపాన్ 2021లో సరేనంది.

మన పుదుచ్చేరి జిప్మర్‌వాళ్లూ ఒక పని చేశారు. మానసిక రోగాలకు వాడే చవకైన ఒలాంజపిన్ మాత్రను, చాలా తక్కువ మోతాదులో, కీమో తీసుకునే 124 మంది మీద పరీక్షించారు. పన్నెండు వారాల్లో మాత్ర తీసుకున్నవాళ్లలో నూటికి 60 మందికి 5 శాతం కంటే ఎక్కువ బరువు పెరిగింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 9 మందికే. 2023లో ఇది అచ్చయ్యాక అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం తన సలహానే మార్చుకుంది.

ఇది సంతోషమే. అయినా ఇక్కడ కొలిచింది ముఖ్యంగా ఆకలి, బరువు. కరిగిన కండను ఖాయంగా తిరిగి తెచ్చే మందు ఇంకా రాలేదు. అందుకే మేము చెప్పేది ఒకటే. ఇంట్లో ఎవరైనా చిక్కిపోతుంటే "బలానికి ఒక ఇంజెక్షన్ వేయండి" అని డాక్టరుగారిని బలవంతపెట్టకండి. ఇది పెంచేది కండనా, కొవ్వునా? దీనితో మనిషి లేచి నడవగలడా? ఈ రెండూ అడగండి. మూలరోగానికి వైద్యం, చేతనైనంత తిండి, చేయి పట్టుకుని నడిపించే నాలుగు అడుగులు, వీటిని మాత్రం ఏ మందు కోసమూ ఆపకండి.