హచ్ కుక్క, శ్రీరాంపూర్ ఎండ

పగ్ అనే మాట మనలో చాలామందికి తెలియకముందే ఆ కుక్కకి మనమో పేరు పెట్టేశాం: హచ్ కుక్క. 2003లో వచ్చిన హచ్ యాడ్‌లో పిల్లాడు ఎక్కడికెళ్తే అక్కడికి వెంటపడిన ఆ బుజ్జి కుక్క అసలు పేరు చీకా. నెట్‌వర్క్ కూడా అలాగే వెంట వస్తుందని కంపెనీ చెప్పదలుచుకుంది. జనానికేమో నెట్‌వర్క్ కంటే కుక్కే నచ్చింది. 2007లో హచ్ కాస్తా వొడాఫోన్ అయ్యింది, 2018లో అదీ ఐడియాతో కలిసిపోయింది. కుక్క మాత్రం మన ఇళ్ళల్లోనే ఉండిపోయింది.

సరే, అసలు ఆ మొహం ఎక్కడిది? పగ్ చైనా రాజాస్థానాల్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికి పెంచిన జాతి. డచ్ వర్తకుల ఓడల్లో యూరప్ చేరిందంటారు. 1745లో విలియం హోగార్త్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు తన బొమ్మ తనే వేసుకుంటూ, పక్కన తన పగ్‌ని కూడా గీశాడు. దాని పేరు ట్రంప్ (నవ్వకండి, నిజమే :)). నెట్‌లో దొరుకుతుంది, ఓసారి చూడండి. ఆ కుక్కకి మూతి ఉంది!

మరి ఆ మూతి ఏమైంది? 1873లో ఇంగ్లండ్‌లో కెన్నెల్ క్లబ్, 1883లో పగ్‌లకంటూ ప్రత్యేకంగా ఇంకో క్లబ్ పుట్టాయి. కుక్క ఎలా ఉండాలో కాగితం మీద రాసుకుని పోటీలు పెట్టారు. పొట్టి మూతి ముద్దొచ్చింది. పొట్టి మూతి కుక్కలనే మళ్ళీ మళ్ళీ జత కట్టించారు.

మన భాషలో చెప్పాలంటే, క్యాబినెట్ సైజు తగ్గించారు గానీ లోపలి పార్టులు అలాగే వదిలేశారు. పుర్రె కురచైంది, అంగుడి వెనకుండే మెత్తటి కండ మాత్రం అంత కురచవలేదు. అది గాలి దారికి అడ్డం పడుతుంది. ముక్కు రంధ్రాలు సన్నటి గీతలు. కుక్క మనలా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు, రొప్పి చల్లబడాలి. అంటే కూలింగ్ ఫ్యాన్‌కే గాలి అందట్లేదన్నమాట. మనం ముద్దుగా చెప్పుకునే ఆ గురక నిజానికి ఊపిరాడని చప్పుడు.

ఇప్పుడు ఈ కుక్కని తెచ్చి మా శ్రీరాంపూర్‌లో పెట్టండి. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. సింగరేణి గనుల ఊరు. మే నెలలో 45 డిగ్రీలు ఇక్కడ వింతేమీ కాదు. పొడుగు మూతి ఊరకుక్కే మధ్యాహ్నం నీడ వెతుక్కుని కదలకుండా పడుకుంటుంది.

ఇప్పటికే పెంచుతున్నవాళ్ళు ఇవి చూసుకోండి. తెల్లవారకముందో, బాగా పొద్దుపోయాకో మాత్రమే తిప్పండి. మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే పట్టీ వాడండి. లావెక్కనివ్వకండి, కొవ్వు గాలి దారిని ఇంకా ఇరుకు చేస్తుంది. మొహం ముడతల్ని తుడిచి పొడిగా ఉంచండి. రొప్పు ఆగకపోయినా, నాలుక నీలంగా మారినా, తూలినా ముందు ఒంటిమీద చల్లటి నీళ్ళు పోసి ఫ్యాన్ పెట్టండి. ఆ వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే ఆపరేషన్ కూడా ఉంది.

ఇంకా కొననివాళ్ళకి ఒక్క మాట. పగ్‌ని యూరప్‌కి తెచ్చారంటున్న ఆ డచ్ దేశమే 2019లో మరీ పొట్టి మూతి కుక్కల్ని పుట్టించడం మీద గట్టి ఆంక్షలు పెట్టింది. మన దగ్గర 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని పుట్టించి అమ్మేవాళ్ళు రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అయితే మూతి పొడవు గురించి ఆలోచించాల్సింది కొనేవాడే. యాడ్ నచ్చితే సిమ్ కార్డు కొనుక్కోవచ్చు, నచ్చకపోతే మార్చేయొచ్చు. కుక్క అలా కాదుగా, పన్నెండేళ్ళు ఊపిరి పీల్చుకోవాలి. వీధిలో పొడుగు మూతి పిల్లలు బోలెడున్నాయి, అవీ వెంటే వస్తాయి.