రహదారి అనే మాట: గోల్కొండ–మచిలీపట్నం బాటలో సరకు మోసినవారు

ఈనాడు తెలుగులో 'రహదారి' అంటే పెద్ద రోడ్డు. 'జాతీయ రహదారి' అని రాసేటప్పుడు ఆ మాటకు మరొక అర్థం ఉండేదన్న స్ఫురణ మనకు కలగదు. కాని పారసీకం నుండి వచ్చిన ఈ పదం మొఘలు పాలనలో బాట వెంట సాగే సరకుపై వసూలు చేసే సుంకానికి పేరు. సి.పి. బ్రౌన్ నిఘంటువు దీనికి ఇచ్చే అర్థం బాట కాదు, ప్రయాణానికి కావలసిన అనుమతి పత్రం. సుంకం పేరు ఆ సుంకం చెల్లించినట్లు చూపే చీటికీ, చీటి పేరు చివరకు బాటకే సంక్రమించాయని ఊహించవచ్చు. అర్థవిపరిణామానికి ఇదొక మంచి ఉదాహరణ అని చెప్పి ఊరుకోవచ్చు. అయితే సరకు రవాణా చరిత్రను వెతికే పరిశోధకునికి ఈ మాట అంతకంటె ఎక్కువ చెబుతుంది. మన ఆధారాలలో సరకు మోసినవాడు నడుస్తూ ఎక్కడా కనిపించడు. సుంకం దగ్గర ఆగినప్పుడు మాత్రమే కనిపిస్తాడు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో హైదరాబాదు నుండి మచిలీపట్నం దాకా సాగే ఒకే బాట మీద పరీక్షించటం ఈ వ్యాసం ఉద్దేశం. నేటి 65వ జాతీయ రహదారి, పాత బిడారు బాట అడుగడుగునా ఒకటే అని నా వాదన కాదు. అవి కలిపే చోట్లు మాత్రం ఒకటే.

కాకతీయుల కాలం నుండి మొదలు పెట్టవచ్చు. గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244–45లో, వేయించిన మోటుపల్లి అభయశాసనం తుపాను వల్ల ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారని, ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని హామీ ఇస్తుంది. చందనం, కర్పూరం, దంతం, ముత్యాలు, పట్టు వంటి సరకుల ప్రస్తావన అందులో ఉంది. ఓడ వర్తకునికి అభయం దొరికింది. కాని ఆ చందనాన్ని రేవు నుండి ఓరుగల్లు దాకా వీపుల మీద మోసిన ఎడ్లవారి మాట అందులో లేదు. శాసనం పని అది కాదు కాబట్టి తప్పు పట్టలేం. కావ్యంలో కూడా పరిస్థితి ఇంతే. శ్రీనాథుని హరవిలాసం కృతిపతి అవచి తిప్పయసెట్టి. ఆ కావ్యపు అవతారిక ఆయన ఏ దేశం నుండి ఏ సుగంధద్రవ్యం, ఏ జంతువు, ఏ వస్త్రం తెప్పించేవాడో ఎంతో వివరంగా వర్ణిస్తుంది. మన సాహిత్య చరిత్రకారులు ఆ దేశనామాలను గుర్తించటానికి చేసిన కృషి చిన్నది కాదు. అదే అవతారికలో ఆ సరకు రేవు నుండి కొండవీటికి ఎలా చేరిందన్న ప్రశ్న వేసినవారు తక్కువ.

మోసినవారి ఆనవాలు కావ్యంలో కాక మాటల్లో మిగిలింది. 'పెరిక' అంటే ఎద్దు వీపు మీద రెండు వైపులా వేలాడేటట్లు వేసే జంట గోనెసంచి. అది బరువుకూ కొలత, వృత్తికీ పేరు, చివరకు ఒక కులానికీ పేరు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం ఈ కులాన్ని గోనెలు నేసి, పెరిక ఎడ్లపై సరకు తోలినవారిగానే పరిచయం చేస్తుంది. సరకు పేర్లు పద్యాలకెక్కాయి, సంచి పేరు మాత్రం మనుషులకు అంటుకుంది.

గోల్కొండ రాజ్యకాలానికి వస్తే బాట స్వరూపం కొంత స్పష్టపడుతుంది. అప్పటికి గోల్కొండ, భాగ్యనగరాలు వజ్రాలకు, నేతకు, లోహపు పనికి పేరుపొందిన పనివారి నగరాలు. మచిలీపట్నం రాజ్యానికి సముద్రపు హద్దు. 1611 నాటికి అక్కడ డచ్చివారు, ఇంగ్లీషువారు ఇద్దరూ స్థిరపడ్డారు. ఈ రెంటి మధ్య బండిచక్రం నడవదని ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే రాశాడు. కొండలు, చెరువులు, నదులు, ఇరుకు దారుల వల్ల ఎడ్లు, గుర్రాల వీపులే దిక్కని, తాను తెచ్చుకొన్న చిన్న బండిని పలుచోట్ల విడదీసి దాటించవలసి వచ్చిందని అతడు చెబుతాడు. దేశంలో సరకు తోలే ఎడ్ల మందలలో పది పన్నెండు వేల ఎడ్లు కూడా ఉంటాయని, ఆ తోలేవారిలో నాలుగు తెగలు ఉండి ఒక తెగ గోధుమలు, ఒకటి బియ్యం, ఒకటి పప్పుధాన్యాలు, మరొకటి ఉప్పు మాత్రమే మోస్తాయని అతని వివరణ. ఈ విభజన ఎంత కచ్చితంగా పాటించేవారో అనుమానించవచ్చు. విదేశీయులు తాము చూసినదాన్ని నియమంగా మార్చి రాయటం మామూలే. ఒక ఎద్దుకు అతడు చెప్పిన బరువు నేటి లెక్కలో సుమారు 150 కిలోలు. పది టన్నుల లారీ ఒకటి మోసేది ఆనాడు అరవై అయిదు ఎడ్లకు పైగా మోయాలి. ఆ ఎడ్లకు మేత, నీరు, రాత్రి విడిది, పుండుపడిన వీపుకు మందు, ఇవన్నీ దారిలోనే సమకూరాలి.

తావెర్నియే చెప్పిన మరొక విషయం ఈ వ్యాసానికి ముఖ్యం. భాగ్యనగర ద్వారం దగ్గర కాపలావారు ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని జాగ్రత్తగా వెతికేవారట. రాజుకు ప్రధానమైన ఆదాయం వాటి నుండి రావటమే కారణం. లోపలికి అనుమతి దొరకటానికి ఒకటి రెండు రోజులు వేచి ఉండవలసి రావటమూ ఉండేది. వజ్రాల నగరం తన వాకిట ఉప్పు మూటను వెతికింది! తీరం నుండి ఉప్పు తెచ్చినవాడు మనకు స్పష్టంగా కనిపించే ఘట్టం ఇదొక్కటే. అక్కడా అతడు ఆగి, సంచి విప్పి చూపిస్తున్నాడు.

సంస్కృత శాస్త్రకారులు ఈ స్థితిని ఎంత బాగా ఎరిగినవారో 'ఘట్టకుటీ ప్రభాత న్యాయం' చెబుతుంది. సుంకం తప్పించుకోవాలని రాత్రంతా అడ్డదారుల్లో తిరిగిన బండివాడు తెల్లవారేసరికి సరిగ్గా సుంకపు పాక ముందే తేలతాడు. మన వ్యాఖ్యాతలు దీన్ని తర్కదోషాన్ని చూపటానికి వాడారు. ఆ రాత్రి బండివాడు పడిన పాటు వారికి ముఖ్యం కాలేదు. తెలుగు సామెత ఆ పాటుకు మరింత దగ్గరగా వెళుతుంది. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు అనటంలో వినేవాడి రాతి మనసు, చెప్పేవాడి అమాయకత్వం రెండూ ఉన్నాయి. ఈ సామెతను పుట్టించినవాడు పాకలో కూర్చున్నవాడు కాదని చెప్పటానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

ఉత్తర సర్కారులు 1766, 1768 ఒప్పందాలతో కంపెనీ వశం కావటంతో హద్దు సముద్రం నుండి లోపలికి జరిగింది. నైజాముకు రేవు లేకుండాపోయింది. 1802 నాటి వర్తక ఒప్పందం మచిలీపట్నం రేవును వాడుకొనే వీలు ఇచ్చి, సరకుపై నూటికి 5 వంతున సుంకం నిర్ణయించింది. నైజాం సుంకపు శాఖకు 'కరోడ్‌గిరి' అని పేరు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి జగ్గయ్య పేర నిలిపిన జగ్గయ్యపేట, పూర్వపు బేతవోలు, ఆ కొత్త హద్దుకు ఇవతల వర్తకపు పేటగా ఎదిగింది. పై నుండి ధాన్యం, పత్తి దించి తిరుగు ప్రయాణంలో ఉప్పు ఎక్కించుకుపోయే లంబాడీ బిడారులకు ఇది సహజమైన మజిలీ ప్రాంతం. 1889లో నైజాం రైలు బెజవాడ చేరింది. దూరపు బరువు రైలు పాలయింది. జీవిక కోల్పోయిన బిడారులవారిపై వలస ప్రభుత్వం నేరస్థ తెగలన్న ముద్ర వేసింది. రవాణాదారు సుంకపు ఠాణాకు బదులు పోలీసు ఠాణా కాగితాల్లో కనిపించటం మొదలైంది.

లారీ ఈ బాటను తిరిగి రోడ్డు మీదికి తెచ్చింది. హైదరాబాదు కర్మాగారాల సరకు కిందికి, తీరపు ధాన్యం, పొగాకు, ఉప్పు పైకి. విజయవాడ లారీల మరమ్మతుకు, వ్యాపారానికి కేంద్రమయింది. 1956 నవంబరు 1న హద్దు చెరిగి, 2014 జూన్ 2న మళ్లీ గీత పడింది. మరుసటి ఏటి నుండి పొరుగు రాష్ట్రపు బండ్లపై పన్ను గొడవ నడిచింది. కోదాడ, జగ్గయ్యపేటల మధ్య లారీ కార్మికుల పదజాలం సేకరిస్తున్నప్పుడు నేను గమనించినది, బాడుగ, కిరాయి అన్న రెండు మాటలూ గీతకు రెండు వైపులా వినిపిస్తాయి. తిరుగు లోడు దొరకని బండి నష్టపోతుందన్న సూత్రం లంబాడీ బిడారుది కూడా. 'మామూలు' అనే మాట మాత్రం దారి మార్చుకొంది. ఆచారంగా వచ్చేది అన్న అర్థం నుండి, రసీదు లేకుండా ఇచ్చేది అన్న అర్థానికి దిగింది. నాతో మాట్లాడిన ఒక వృద్ధ డ్రైవరు తన నలభై ఏళ్ల ప్రయాణాలను ఊళ్ల వరసలో కాక, బండి ఆపిన చోట్ల వరసలో చెప్పారు. ఎక్కడ ఎన్ని గంటలు నిలిచిందో ఆయనకు గుర్తుంది. మధ్య దారి గుర్తు లేదు.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు తొలగాయి. చౌటుప్పల్ దగ్గర పంతంగి, కేతేపల్లి దగ్గర కొర్లపహాడ్, జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు టోల్‌గేట్లు సరకును కాక బండిని లెక్కిస్తాయి. బాటకు సుంకం, సుంకానికి బాట. 'రహదారి' తన పాత అర్థానికి ఇంచుమించు తిరిగి చేరింది. ఇక సరకు వెంట వెళ్లే చీటి 2018 ఏప్రిల్ 1 నుండి రాష్ట్రాల మధ్య రవాణాకు తప్పనిసరి అయిన ఈ-వే బిల్లు. 50 వేల రూపాయలు దాటిన సరకుకు అది ఉండాలి. అందులో పంపినవారి వివరం, అందుకొనేవారి వివరం, సరకు, విలువ, బండి నంబరు ఉంటాయి. బండి నడిపే మనిషి పేరు రాయటానికి గడి లేదు.