సభ ముగిశాక మొదలైన సభలు

భానూర్ అంటే పటాన్‌చెరు వైపువాళ్లకు ముందు గుర్తొచ్చేది బీడీఎల్. క్షిపణుల కర్మాగారం, దాని పేరుతోనే నడిచే కేంద్రీయ విద్యాలయం. కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ పోస్టు విడిగా ఉంటుంది. మామూలు సర్కారు బళ్లలో చాలాచోట్ల పుస్తకాల బీరువా తాళంచెవి ఎవరో ఒక టీచరు దగ్గరే. ఈ లైబ్రేరియన్లు, టీచర్లు ఒకచోట చేరే సదస్సుల్లో వరస దాదాపు ఒకటే. కేటలాగులు, సాఫ్ట్‌వేర్లు పొద్దున. రచయితతో ముచ్చట భోజనాలయ్యాక, సగంమందికి కునుకు పట్టే వేళ. పాటా ఆటా అనే సాంఘిక కార్యక్రమం సాయంత్రం. తెలుగునాట గ్రంథాలయ సభల చరిత్ర చూస్తే ఈ వరస తలకిందులవుతుంది. ఇక్కడ ముచ్చటే ముందు.

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి కలిశారు. పూనిక అయ్యంకి వెంకటరమణయ్యది. అధ్యక్షపీఠం ఎక్కింది మాత్రం చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆయనకు పుస్తకాల వర్గీకరణతో పనిలేదు, చూపు కూడా సరిగా ఆనేది కాదు. ‘గయోపాఖ్యానం’ నాటకం రాసినవాడు, అంతే. జనాన్ని రప్పించడానికి అప్పట్లో ఆ పేరు చాలు.

నిజాం రాజ్యంలో ఇదే కథ ఇంకాస్త పదునుగా నడిచింది. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. మునగాల రాజా నాయని వెంకటరంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు దానికి అండ. ఉర్దూ ఏలుతున్న నగరంలో తెలుగు పుస్తకానికి దొరికిన మొదటి చావడి అది.

ఇరవై ఏళ్ల తర్వాత, 1921 నవంబరులో, వివేకవర్ధిని థియేటర్లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను జనం బుద్ధిగా విన్నారు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట మొదలుపెట్టగానే ఈలలు, గోల, వెటకారపు చప్పట్లు. ఆ సభ చేసిన తీర్మానాలు ఇవాళ ఎవరికీ గుర్తులేవు. ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో, మనసు కుతకుతలాడుతూ, ఓ పదిమంది దాకా కూర్చున్నారు. అక్కడే ఆంధ్ర జన సంఘం మొదలైంది. ఏ కార్యక్రమ పత్రంలోనూ అచ్చుకాని సమావేశం అది. ఊరూరా గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టడం, తాళపత్రాలు, శాసనాలు సేకరించడం ఆ సంఘం తలకెత్తుకున్న తొలి పనులు.

అదే ఏడాది జూన్‌లో అమెరికాలోని స్వాంప్‌స్కాట్‌లో గ్రంథపాలకుల వార్షిక సమావేశం జరుగుతుంటే ఫ్రెడరిక్ మెల్చర్ అనే ప్రచురణకర్త పిల్లల పుస్తకానికి ఏటా ఒక బహుమతి ఇద్దామని ప్రతిపాదించాడు. మరుసటి ఏడు నుంచి ఇస్తున్న న్యూబరీ పతకం అదే. రచయితను సభ నడిబొడ్డున కూర్చోబెట్టే ఆలోచన అక్కడ బహుమతిగా మారింది. ఇక్కడ ఉద్యమంగా మారింది.

ఉద్యమం అన్నది ఊరికే అన్న మాట కాదు. గస్తీ నిషాన్ 53 అనే ఫర్మానా కింద నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలి. రాజకీయం మాట్లాడితే అంతే సంగతులు. గ్రంథాలయ వార్షికోత్సవం అంటే మాత్రం అధికారులు కొంచెం మెత్తబడేవారు. పద్యాలు చదువుతారు, పురాణం చెబుతారు, పోతారు అనుకునేవారు. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ మహాసభలు జరిగాయి. ఆంధ్ర జన సంఘం నాయకుడు మాడపాటి హనుమంతరావు లాంటివాళ్లు వాటి వెనకుండి సాంఘిక విషయాలన్నీ ఆ గొడుగు కిందికే తెచ్చారు.

1930 మార్చిలో అదంతా జోగిపేటకు చేరింది. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి మీదుగా అకోలా దారి పట్టినవాళ్లు ఆ ఊరిని దాటే పోతారు. అక్కడ ఆంధ్ర జన సంఘం నుంచే ఎదిగిన మొదటి ఆంధ్ర మహాసభ మూడు రోజులు సాగింది. అధ్యక్షుడు మళ్లీ కలం పట్టిన మనిషే, ‘గోలకొండ’ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి. అప్పటికి ఆయనకు ముప్పైమూడేళ్లు. పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ. దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ మాట్లాడటం సనాతనులకు గిట్టలేదు, అభ్యంతరాలు లేచాయి. ఉపన్యాసాల కన్నా ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారన్నదే అక్కడ పెద్ద విషయమైంది. ‘సాంఘిక కార్యక్రమం’ అన్న మాటకు అసలైన బరువు జోగిపేటలోనే తెలుస్తుంది.

ఈ కాలం మనుషుల్లో వట్టికోట ఆళ్వారుస్వామి తీరే వేరు. వంటలు చేసి, హోటల్లో సర్వరుగా బతికి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. అచ్చేసిన పుస్తకాలు తనే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. తర్వాత ‘ప్రజల మనిషి’ నవల రాశాడు. రచయిత, ప్రచురణకర్త, నడిచే గ్రంథాలయం, మూడూ ఆయనే. అలాంటివాడు ఊళ్లోకి వస్తే వేరే రచయిత ప్రసంగం ఏర్పాటు చెయ్యాల్సిన పనేముంది?

1955లో హైదరాబాదు గ్రంథాలయ చట్టం వచ్చింది. శాఖలు, సిబ్బంది, జీతాలు ఏర్పడ్డాయి. అవి కావాల్సినవే. కానీ ఊరివాళ్లు చందాలేసుకుని జరిపిన వార్షికోత్సవాలు క్రమంగా తగ్గి, వాటి చోట సర్కారు గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. ఆ వారోత్సవాలు నవంబరు 14న మొదలవడానికి కారణం ఉంది. 1919లో అదే రోజున అయ్యంకి పూనికతో, బరోడా నుంచి వచ్చిన కుడాల్కర్ అధ్యక్షతన, మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. బళ్లలో ఆ తేదీ అనగానే బాలల దినోత్సవం, నెహ్రూ ఫొటో, చాక్లెట్లు. అయ్యంకికి 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఫొటో బడి లైబ్రరీలో ఉంటే వింతే.