గోదావరి పేరున్న యుద్ధనౌక

రాజమండ్రి వద్ద పారే గోదావరి మనందరికీ తెలిసినదే. ఆ నది పేరు పెట్టుకుని దూరాన హిందూ మహాసముద్రంలో పోరాడిన ఒక చిన్న యుద్ధనౌక సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ కథను మన పిల్లలకూ పెద్దలకూ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండవ ప్రపంచయుద్ధం మన తీరాన్ని కూడా వదలలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అయితే నడిసముద్రంలో ఓడలకు నిత్యం ఉండే భయం జలాంతర్గాములది. 1944 ఫిబ్రవరి 12న మొంబాసా నుంచి కొలంబో వస్తున్న ఖెదీవ్ ఇస్మాయిల్ అనే ఓడను మాల్దీవుల దగ్గర ఒక జపాను జలాంతర్గామి ముంచేసింది. సుమారు 1,300 మంది చనిపోయారు. వారిలో నర్సులు కూడా ఉన్నారు.

అటువంటి ఓడలకు కాపలాగా వెళ్ళేవే స్లూపులు. రాయల్ ఇండియన్ నేవీ కోసం ఇంగ్లండులో థార్నిక్రాఫ్ట్ కంపెనీ కట్టిన గోదావరి 1943లో సేవలో చేరింది. బరువు దాదాపు 1,300 టన్నులు, పొడవు దాదాపు 300 అడుగులు. పెద్ద యుద్ధనౌకల పక్కన ఇది చిన్నదే. దాని పని కూడా పేరు తెచ్చేది కాదు. రాత్రింబవళ్ళు నీటిలోకి శబ్దం పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి కింద శత్రువు ఉన్నాడో లేడో చెవి ఒగ్గి కనిపెట్టాలి. జాడ దొరికితే నీళ్ళలో పేలే బాంబులు విడవాలి. వారాల తరబడి ఏమీ వినబడకపోయినా ఏమరుపాటు పనికిరాదు.

ఆ రోజుల్లో మన నౌకాదళంలో ముస్లిం నావికులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ముఖ్యంగా రత్నగిరి తీరం నుంచి, పంజాబు నుంచి తరతరాలుగా చేరినవారు. హిందూ, క్రైస్తవ, సిక్కు సోదరులతో కలిసి ఒకే ఓడలో పనిచేశారు.

1944 ఆగస్టు 6, 7 తేదీలలో జర్మను జలాంతర్గామి యు-198 ఆఫ్రికా తూర్పు తీరాన రెండు బ్రిటిష్ సరుకు ఓడలను ముంచింది. దానికోసం పెద్ద వేట మొదలైంది. షా, బేగం అనే విమానవాహక నౌకలు ఆ వేటలో ఉన్నాయి. చివరకు ఆగస్టు 12న సీషెల్స్ దీవుల దగ్గర బ్రిటిష్ నౌక ఫిండ్‌హార్న్, మన గోదావరి కలిసి దాన్ని ముంచాయి. అందులోని 66 మంది జర్మనులలో ఒక్కరూ మిగలలేదు. శత్రువులైనా వారూ తల్లులు కన్న బిడ్డలే. యుద్ధంలో గెలుపు కూడా ఇంత బరువైనది.

తరువాత 1947 వచ్చింది. నదుల పేర్లున్న స్లూపులు ఆరింటినీ పంచారు. సట్లెజ్, జమున, కృష్ణ, కావేరి మనకు మిగిలాయి. నర్మద, గోదావరి పాకిస్తానుకు వెళ్ళాయి. నర్మద పేరు జీలం అయింది. గోదావరి పేరు సింధ్ అయింది. ఓడలతోపాటు ఒకే బల్ల దగ్గర అన్నం తిన్న మనుషులూ విడిపోయారు. మన నౌకాదళం మాత్రం ఆ పేరును వదులుకోలేదు. 1953లో వచ్చిన నౌకకు గోదావరి అని పెట్టింది. 1983లో బొంబాయిలో కట్టిన కొత్త నౌకకూ అదే పేరు. అది 2015లో విశ్రాంతి తీసుకుంది.

జెండా మారిందని మొదటి గోదావరిని ఇక్కడివారు మరిచారు, పేరు మారిందని అక్కడివారూ మరిచి ఉండవచ్చు. నష్టపోయింది ఆ నావికులు. ఏ మతంవారైనా, 1944లో వారు కాపాడిన ప్రాణాల లెక్క ఏ పంపకంలోనూ చెరిగిపోదు. దేశానికి ముస్లింలు ఏం చేశారని ఎవరైనా అడిగితే మన పిల్లలు కోపం తెచ్చుకోనక్కరలేదు, ఇటువంటి సంగతులు తేదీలతో సహా చెప్పగలిగితే చాలు.

అందుకే సభ్యులకు ఒక విన్నపం. మీ ఇంట్లో తాతముత్తాతలు సైన్యంలోనో, నౌకాదళంలోనో, సరుకు ఓడలపైనో పనిచేసి ఉంటే వారి పతకాలు, డిశ్చార్జి కాగితాలు, ఫొటోలు పాత సామానుతో అమ్మేయకండి. ఫొటో వెనుక పేరు, ఊరు, సంవత్సరం రాసి పెట్టండి. పెద్దల సేవను గుర్తుంచుకునే బుద్ధి, మళ్ళీ అటువంటి యుద్ధం చూడని అదృష్టం మన పిల్లలకు అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.